టాన్సిల్స్ కనపడని బాబు: బి కణాలపై అపోహలు - వాస్తవాలు

అపోహ: పుట్టాక ఆరు నెలలు బాగానే ఉన్నాడు, ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు ఎలా అవుతుంది?

ఈ మాట నన్ను అడిగిన తల్లి ప్లాస్టిక్ కవర్ నిండా పాత మందుల చీటీలు తెచ్చింది. బాబుకి రెండేళ్లు. చెవిలో చీము, నిమ్ము, మళ్లీ చెవిలో చీము. మందు వాడినన్నాళ్లూ తగ్గుతుంది, ఆపితే మళ్లీ మొదలు. నోరు తెరిపించి టార్చి వేసి చూశాను. గొంతుకి రెండు పక్కలా టాన్సిల్స్ ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"ఆపరేషన్ చేయించారామ్మా?"

"లేదండీ, అసలు కత్తే తగల్లేదు."

టాన్సిల్స్‌లో ఎక్కువ భాగం బి కణాలే, అంటే క్రిముల్ని పట్టుకునే యాంటీబాడీలు తయారు చేసే తెల్ల రక్తకణాలు. అవి లేకపోతే అక్కడ కనపడడానికి పెద్దగా ఏమీ మిగలదు. రక్తపరీక్షలోనూ అదే తేలింది. సిడి19 గుర్తు ఉన్న కణాలు, అంటే బి కణాలు, దాదాపు సున్నా.

మరి ఆ ఆరు నెలలు? అప్పుడు బాబుని కాపాడింది తల్లి యాంటీబాడీలు. ఐజీజీ రకం యాంటీబాడీలు మాయ దాటి బిడ్డకు చేరతాయి, అందులోనూ ఎక్కువగా చివరి మూడు నెలల్లో. సుమారు మూడు వారాలకోసారి అవి సగానికి తగ్గుతూ పోతాయి. ఆ లోపు బిడ్డ సొంతంగా తయారు చేసుకోవడం మొదలుపెట్టాలి. ఈ బాబుకి ఆ పని చేసే కణాలే లేవు. 1952లో అమెరికా సైనిక వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్ 8 ఏళ్ల అబ్బాయిలో ఈ లోపాన్ని గుర్తించాడు. 1993లో దొరికిన జన్యువుకి ఆయన పేరే పెట్టారు, బీటీకే అంటాం. అది పనిచేయకపోతే ఎముక మూలుగలో బి కణం ఎదుగుదల సగంలోనే ఆగిపోతుంది.

అపోహ: మేనరికం చేసుకున్నారు కాబట్టే వచ్చింది.

మేనరికాల్లో కొన్ని రోగనిరోధక లోపాలు ఎక్కువే, కాదనను. కానీ ఈ జబ్బుకి దానితో సంబంధం లేదు. లోపం ఉండేది ఎక్స్ క్రోమోజోమ్ మీద. ఆడవాళ్లకి రెండు ఎక్స్‌లు ఉంటాయి కాబట్టి ఒకటి పాడైనా రెండోది పని నడిపిస్తుంది. మగపిల్లాడికి ఉన్నదొక్కటే. "మీ అన్నదమ్ముల్లో ఎవరికైనా ఇలా ఉండేదా?" అంటే, మూడేళ్లకే నిమ్ము చేరి పోయిన తమ్ముడి గురించి అప్పుడు చెప్పింది. ఒక్కోసారి తల్లిలో లేకుండా బిడ్డలోనే కొత్తగా కూడా రావచ్చు. ఇందులో ఎవరి తప్పూ లేదని ఆమె అత్తగారిని కూర్చోబెట్టి మరీ చెప్పాను. అలా చెప్పడం కూడా వైద్యంలో భాగమే అనుకుంటాను.

అపోహ: క్రిమి వచ్చాక దాన్ని చూసి శరీరం యాంటీబాడీ తయారు చేస్తుంది.

నిజానికి క్రిమి రాకముందే సరుకు సిద్ధంగా ఉంటుంది. కొలతలు తీసుకుని కుట్టే దర్జీ పని కాదిది. రెడీమేడ్ షాపులో సరిపోయే చొక్కా వెతికి, తర్వాత ఆల్టరేషన్ చేయించడం లాంటిది. మూలుగలో ప్రతి బి కణమూ తన జన్యు ముక్కల్ని కత్తిరించి తనదైన తీరులో అతికించుకుంటుంది. దీన్ని బయటపెట్టిన సుసుము టొనెగావాకి 1987లో నోబెల్ వచ్చింది. ఇలా పుట్టిన కణాల్లో మన శరీరాన్నే గట్టిగా పట్టుకునేవాటిని శరీరం చాలావరకు మూలుగలోనే ఏరేస్తుంది. ఈ ఏరివేత తప్పితే శరీరం తన మీద తనే దాడి చేసుకునే లూపస్ లాంటి జబ్బులకి దారి పడుతుంది.

క్రిమి వచ్చాక దానికి సరిపోయే కొద్ది కణాలు లింఫ్ గ్రంథిలో చేరి వేగంగా పెరుగుతాయి. అక్కడ యాంటీబాడీ జన్యువులో కావాలనే చిన్న చిన్న మార్పులు జరుగుతాయి. క్రిమిని ఇంకా గట్టిగా పట్టుకునే కణాలకే టి కణాల (బి కణాలకి తోడు నిలిచే మరో రకం తెల్ల రక్తకణాల) సాయం దొరుకుతుంది, మిగతావి చచ్చిపోతాయి. జ్వరంలో మెడ దగ్గర బిళ్లలు కట్టాయని మనం టెన్షన్ పడే చోట జరుగుతున్న పని చాలాసార్లు ఇదే.

టి కణాల సాయం ఎంత ముఖ్యమో టైఫాయిడ్ టీకాయే చెబుతుంది. పాత టీకాలో క్రిమి పైపొర చక్కెర ఒక్కటే ఉండేది. ఉత్త చక్కెరకి రెండేళ్లలోపు పిల్లల బి కణాలు సరిగ్గా స్పందించవు. అదే చక్కెరని ధనుర్వాతం టీకాలో వాడే ప్రోటీన్‌కి జోడిస్తే టి కణాలు తోడొస్తాయి. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారు చేసిన టైప్‌బార్ టీసీవీ ఇలాంటిదే. దీన్ని ఆరు నెలల బిడ్డకీ వేయవచ్చు.

అపోహ: యాంటీబాడీలు తగ్గితే రక్షణ పోయినట్టే.

రక్తంలో తగ్గినా జ్ఞాపక బి కణాలు మిగులుతాయి. 1918 ఫ్లూని చిన్నతనంలో చూసినవాళ్లలో ఆ వైరస్‌ని గుర్తుపట్టే బి కణాలు దాదాపు 90 ఏళ్ల తర్వాత కూడా దొరికాయని 2008లో తేలింది.

అపోహ: ఇమ్యూనిటీ లేని పిల్లాడికి అన్ని టీకాలూ ఇంకా ఎక్కువ వేయించాలి.

వద్దు. బీటీకే లోపం ఉన్న బాబుకి బతికున్న వైరస్‌తో చేసిన పోలియో చుక్కలు వేయకూడదు. అదే ఇంట్లో ఉండే పిల్లలకీ చుక్కలు కాకుండా ఇంజెక్షనే వేయించాలి. మిగతా పిల్లలందరికీ చుక్కలు తప్పకుండా వేయించండి. ఈ బాబుకి మాత్రం మూడు నాలుగు వారాలకోసారి ఇమ్యునోగ్లోబులిన్, అంటే సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు, ఎక్కిస్తున్నాం, జీవితాంతం ఎక్కించాలి. చెవిలో చీము ఆగింది. పల్స్ పోలియో అప్పుడు ఇంటికి వచ్చేవాళ్లకి చూపించమని నేను రాసిచ్చిన కాగితాన్ని ఆ తల్లి ఫోన్ కవర్ వెనక మడిచి పెట్టుకుంది.