తోడుకోని నీళ్లు

"మామయ్యా, నీళ్లు అద్దంలా ఉన్నాయి. అయినా చేపలెందుకు చచ్చిపోతున్నాయి?" అని మా మేనకోడలు హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. 60 లీటర్ల గాజు తొట్టి, ఓ ఆదివారం కొన్నది. ఆ సాయంత్రమే 10 నియాన్ టెట్రాలు తెచ్చి వేసింది. గురువారానికి నాలుగు పోయాయి. కొట్టతను "కొత్తలో అలాగే పోతాయమ్మా" అని ఇంకో ఐదు అంటగట్టాడు. రెండో వారం దాటేసరికి పాతవీ కొత్తవీ కలిపి తుడిచిపెట్టుకుపోయాయి. వాళ్ల నాయనమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది: ఇంటికి తగిలిన దిష్టి చేపలు తీసుకున్నాయట.

నేను చేపల సంగతి అడగలేదు. ఫిల్టర్‌లో స్పాంజి ఎలా ఉందని అడిగాను.

"తళతళలాడుతోంది మామయ్యా. రోజూ నల్లా కింద పెట్టి కడుగుతున్నాగా!"

దొంగ అక్కడే దొరికాడు. పాలు కాచి, తోడు వెయ్యకుండా, గిన్నె రోజూ తోముతూ పెరుగెందుకు అవలేదని అడిగినట్టుంది.

నియాన్ అంటే తెలియనివాళ్లకు: అంగుళం పొడవు చేప, ఒంటి మీద నీలి గీత, దాని కింద ఎర్ర గీత. అమెజాన్ ప్రాంతపు వాగులు దాని పుట్టిల్లు. చూడముచ్చటగా ఉంటుంది, కొంచెం తేడా వస్తే ప్రాణం వదిలేస్తుంది. తొట్టి ఎక్కడ పెట్టాలి, లైటు ఎంతసేపు వెయ్యాలి లాంటివి కొట్లో చెబుతారు, నాకు వాటి మీద ఆసక్తి లేదు. కొట్లో చెప్పని సంగతి చూద్దాం.

చేప మూత్రం పోసి ఊరుకునే జంతువు కాదు. తిన్న మాంసకృత్తుల్లోని నత్రజనిలో చాలా భాగాన్ని అమ్మోనియాగా మార్చి మొప్పల్లోంచే వదిలేస్తుంది. వాగులో అయితే అది కొట్టుకుపోతుంది. తొట్టిలో ఎక్కడికి పోతుంది? మా అమ్మాయి చెంచాడు మేత మూడు పూటలా వేస్తోంది. రోజుకు ఒక గ్రాము అనుకుందాం. (పది నియాన్ల బరువు మొత్తం కలిపి మూడు గ్రాములుంటే గొప్ప. తిన్నది కొంతే, మిగిలింది అడుగున కుళ్లి అదీ అమ్మోనియానే ఇస్తుంది.) చేపల చెరువుల లెక్క ప్రకారం మేత బరువులో సుమారు 3 శాతం అమ్మోనియా నత్రజనిగా నీళ్లలో తేలుతుంది. గ్రాముకు 30 మిల్లీగ్రాములు. 60 లీటర్లకు పంచితే రోజుకు లీటరుకు అర మిల్లీగ్రాము. ఆదివారం మొదలుపెడితే గురువారానికి 2 మిల్లీగ్రాములు. నీళ్లు మాత్రం అద్దంలాగే ఉంటాయి. అమ్మోనియాకు రంగు లేదు కదా.

ఇక్కడ కాస్త రసాయన శాస్త్రం ఓర్చుకోవాలి. నీళ్లలో అమ్మోనియా రెండు వేషాల్లో ఉంటుంది. ఒక ప్రోటాను (హైడ్రోజన్ కేంద్రకం) తగిలించుకుంటే అమ్మోనియం, అది మొప్ప పొరను అంత తేలిగ్గా దాటలేదు. తగిలించుకోకపోతే ఉత్త అమ్మోనియా, అది దూరిపోతుంది. ఏ వేషంలో ఎంత అన్నది పీహెచ్ (నీళ్ల పులుపు కొలత: 7 కంటే తగ్గితే పులుపు, పెరిగితే క్షారం) నిర్ణయిస్తుంది. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 అయితే ఉత్త అమ్మోనియా వాటా అర శాతం పైచిలుకు. పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. 9 అయితే మూడో వంతుకు పైనే. మా అమ్మాయి నీళ్ల పీహెచ్ 8. అంటే 2 మిల్లీగ్రాముల్లో 0.1 ఉత్త అమ్మోనియా. సున్నితమైన చేపలకు 0.02 దాటితేనే ప్రమాదమని పెంపకందార్లు లెక్క పెట్టుకుంటారు. ఐదింతలన్నమాట. నియాన్‌కు దగ్గరి చుట్టం కార్డినల్ టెట్రా ఉండే రియో నీగ్రో నది నీళ్ల పీహెచ్ 5 దరిదాపుల్లో ఉంటుంది. అక్కడ ఉత్త అమ్మోనియా ఉన్నా లేనట్టే. ఆ చేప తాతముత్తాతలకు కూడా ఈ విషంతో పరిచయం లేదు.

మరి పక్కింటివాళ్ల తొట్టిలో పాకుడు పట్టి, స్పాంజి బురద రంగుకు తిరిగినా చేపలు ఎందుకు హాయిగా ఉన్నాయి? ఆ తొట్టి తోడుకుంది కాబట్టి.

ఈ మాట వెనక ఓ చక్కటి ప్రయోగం ఉంది. 1877లో ఫ్రాన్సులో ష్లోసింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు ఇసుక, సున్నపురాయి పొడి కలిపి ఓ గొట్టంలో నింపి, మురుగునీళ్లు పైనుంచి మెల్లగా వదిలారు. అమ్మోనియా నైట్రేటుగా (చేపకు అంత చెరుపు చెయ్యని రూపం అది) మారడం ఉత్త రసాయన చర్యా, ప్రాణుల పనా అని తేల్చుకోవాలని. 20 రోజులు ఏమీ జరగలేదు. పైన పోసిన అమ్మోనియా పోసినట్టే కిందికి వచ్చింది. తర్వాత నైట్రేటు కనబడడం మొదలైంది. ఉత్త రసాయన చర్య అయితే 20 రోజులు ఎవరి కోసం ఆగింది? అనుమానం తీర్చుకోవడానికి క్లోరోఫాం ఆవిరి పట్టించారు. నైట్రేటు ఆగిపోయింది. క్లోరోఫాం తీసేసినా మళ్లీ రాలేదు. అప్పుడు కొంచెం తోటమట్టి కలిపిన నీళ్లు పోశారు. కొన్నాళ్లకు నైట్రేటు తిరిగి వచ్చింది. మన ఇళ్లలో ఆడవాళ్లు ఈ ప్రయోగం చూసి ఉంటే "తోడు చచ్చింది, మళ్లీ తోడు వేశారు, ఇందులో వింతేముంది?" అనేవారు.

బడిలో ఇదే నత్రజని వలయం పేరుతో చెబుతారు. బాణాలు సరిగ్గా వేస్తే మార్కులు పడతాయి. వేరుశనగ వేరు బుడిపెల బొమ్మ కూడా ఉంటుంది. ఆ బాణాల్లో రెండు మన హాల్లో గాజు తొట్టిలో తిరుగుతున్నాయని నాకు ఏ మాస్టారూ చెప్పలేదు. నేను పాఠం చెప్పినన్నాళ్లూ నేనూ చెప్పలేదు, ఒప్పుకుంటాను.

మొదటి బాణం అమ్మోనియా నుంచి నైట్రైటు, నైట్రోసోమోనాస్ లాంటి జీవుల పని. రెండోది నైట్రైటు నుంచి నైట్రేటు. ఇది నైట్రోబ్యాక్టర్ పని అని పుస్తకాల్లో చాలాకాలం ఉండేది. అక్వేరియంలలో వెతికితే నైట్రోస్పైరా కనబడిందని 1998లో తేలింది. 2015లో ఇంకో ఆశ్చర్యం: నైట్రోస్పైరాల్లో కొన్ని రెండు పనులూ ఒంటిచేత్తో చేసేస్తాయి. వాటిని పట్టిన చోట్లలో చేపల పెంపకం ఫిల్టరు ఒకటి!

పెరుగు పోలిక ఇంతవరకు బానే ఉంది. కానీ పెరుగులో సూక్ష్మజీవులు పాలంతా కలిసిపోతాయి. ఇవి అలా కాదు, గట్టి వస్తువును పట్టుకుని జిగురు పొరలా బతుకుతాయి. స్పాంజి గదుల్లో, గులకరాళ్ల మీద, గాజు లోపలి వైపున. నీళ్లలో ఉండేవి బహు తక్కువ. అందుకే "పాత తొట్టి నీళ్లు రెండు చెంబులు కలపండి" అన్న సలహా పెద్దగా పనిచెయ్యదు. పోలిక మార్చాలి. మా అమ్మమ్మ దగ్గర ఓ మట్టి ముంత ఉండేది. దాంట్లో గోరువెచ్చటి పాలు పోస్తే చాలు, తోడు చుక్క వెయ్యకపోయినా పొద్దుటికి గడ్డ పెరుగు. ముంత మట్టి రంధ్రాల్లోనే నిన్నటి తోడు దాక్కుని ఉండేది. దాన్ని వట్టి నీళ్లతో తొలిచేదే తప్ప బూడిద పెట్టి తోమనిచ్చేది కాదు. స్పాంజి అచ్చం ఆ ముంతే. దాన్ని కొళాయి కింద పెట్టి పిండడమంటే క్లోరిన్ నీళ్లతో తోడు చంపడం. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండి మళ్లీ పెట్టాలి. ఇంకా మురిగ్గా ఉందనిపిస్తుంది. ఉండనివ్వాలి.

పోలికలో రెండో తేడా వేగం. పేగుల్లో ఉండే ఇ.కోలి అనువైన చోట 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఒకటి వెయ్యి కావాలంటే పదిసార్లు రెట్టింపవ్వాలి, మూడు గంటల ఇరవై నిమిషాల పని. అమ్మోనియా తినేవాటికి అన్నీ కలిసొస్తే ఏడెనిమిది గంటలు, మామూలుగా ఒక రోజు. అంటే వెయ్యి కావడానికి పది రోజులు. ఎందుకంత నత్తనడక? వాటిది గంజి తిండి. ఒక మోల్ (అణువులను లెక్కపెట్టే కొలత) గ్లూకోజ్ పూర్తిగా మండితే 2,800 కిలోజౌళ్లకు పైగా శక్తి వస్తుంది. ఒక మోల్ అమ్మోనియా నైట్రైటయితే వచ్చేది 275. నైట్రైటు నైట్రేటయితే ఇంకా అన్యాయం, 75 లోపే. పైగా ఒంటికి కావలసిన కర్బనం ఎవరూ పెట్టరు, మొక్కల్లాగే కార్బన్ డయాక్సైడ్ నుంచి కూడగట్టుకోవాలి. సంపాదనలో చాలా భాగం అక్కడే ఖర్చు.

అందుకే రెండో జట్టు ఎప్పుడూ ఆలస్యం. మొదటి జట్టు వడ్డిస్తే గాని దానికి విస్తరి లేదు, వడ్డించినా అర్ధాకలి. ఈ మధ్యకాలంలో నైట్రైటు పేరుకుపోతుంది. మా అమ్మాయి చేపలు రెండో విడత పోయింది అప్పుడే. ఆఖరి చేప ఫొటో పంపించమన్నాను. మొప్ప రేకు ఎత్తి తీసింది, ధైర్యవంతురాలు. ఎర్రగా ఉండాల్సిన మొప్ప కాఫీ పొడి రంగులో ఉంది. నైట్రైటు రక్తంలో దూరి హీమోగ్లోబిన్‌లోని ఇనుమును మార్చేస్తే అది ప్రాణవాయువును మొయ్యలేదు. నీళ్ల నిండా గాలి ఉన్నా చేప పైకి తేలి నోరు తెరుస్తుంది. మా భీమవరం వైపు చెరువుల రైతులకు ఇది కొత్తేం కాదు. ఇలాంటప్పుడు ఉప్పు చల్లే అలవాటుంది. వినడానికి దిష్టి తీసినట్టే ఉంటుంది గాని, ఉప్పులోని క్లోరైడు, నైట్రైటు రెండూ మొప్పలో ఒకే ద్వారం గుండా లోపలికి పోతాయి. క్లోరైడు గుంపుగా నిలబడితే నైట్రైటుకు దారి దొరకదు. తొట్టికైతే పది లీటర్లకు ఒక గ్రాము చాలు.

వాస్తు పేరుతో ఎనిమిది బంగారు చేపలు, ఒక నల్ల చేప పెట్టుకోమంటారు (అసలిది చైనా నుంచి దిగుమతైన ఫెంగ్‌షుయ్). తొమ్మిది తిండిపోతు చేపల్ని తోడుకోని తొట్టిలో వేస్తే ఏదో ఒకటి పోక మానదు. అప్పుడు అరిష్టం అది మోసుకుపోయిందంటారు. జ్యోతిషం ఫలించింది!

ఇంకో చిక్కు. పెరుగు పులిసినట్టే ఈ నీళ్లూ పులుస్తాయి. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేటు కావడానికి నాలుగున్నర గ్రాముల ప్రాణవాయువు, ఏడు గ్రాముల సున్నపురాయికి సమానమైన క్షారం ఖర్చవుతాయి. నియాన్లకు మెత్తటి నీళ్లు ఇష్టమని ఆర్‌ఓ నీళ్లు మాత్రమే పోస్తే ఆ క్షారం ఉండదు. పీహెచ్ 6 కంటే కిందికి జారి, సూక్ష్మజీవులు దాదాపు పని మానేస్తాయి. అమ్మోనియా పేరుకుంటుంది, అంతా అమ్మోనియం వేషంలో ఉండడం వల్ల చేపలు మాత్రం బాగానే ఉంటాయి. సరిగ్గా అప్పుడు ఎవరో శుభ్రం చేద్దామని సగం నీళ్లు తీసి పీహెచ్ 8 ఉన్న బోరునీళ్లు పోస్తారు. దాంతో వేషం మారిపోతుంది. "నీళ్లు మార్చాకే పోయాయి" అని ఎంతమంది అనగా విన్నానో! ష్లోసింగ్ గొట్టంలో సున్నపురాయి ఊరికే లేదు.

ఇంతకీ మా అమ్మాయికి చెప్పింది: చేపలు లేకుండా తోడు పెట్టు. తొట్టిలో కొత్త నీళ్లు నింపి, క్లోరిన్ పోయేదాకా ఒక రోజు గాలి కొట్టించు. స్నేహితురాలి పాత తొట్టిలోంచి స్పాంజి ముక్క ఒకటి తెచ్చి ఫిల్టర్‌లో దూర్చు, ఆ తొట్టిలో జబ్బు లేదని చూసుకుని. నీళ్లు 28 డిగ్రీల దగ్గర ఉంచు, చలికాలం పెరుగు తోడుకోనట్టే ఇదీ తోడుకోదు. మేత బదులు నవాసాగరం వెయ్యి. వెనకటికి ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లు వాడిన నవాసాగరమే, అమ్మోనియం క్లోరైడు. కళాయి సరుకు కాదు, ల్యాబులకు అమ్మే శుద్ధమైనది. 60 లీటర్లకు అర గ్రాము వేస్తే నత్రజని లీటరుకు 2 మిల్లీగ్రాములవుతుంది. అది అయిపోయాక మళ్లీ వెయ్యి. వేసిన అర గ్రాము ఒక్క రోజులో అమ్మోనియాగానూ నైట్రైటుగానూ కనబడకుండా పోయిన నాడు, పేరుకున్న నైట్రేటు పోయేలా సగానికి పైగా నీళ్లు మార్చి, నాలుగంటే నాలుగు చేపలు వెయ్యి. పాత స్పాంజి లేకుండా అయితే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

నిన్నటికి 16 రోజులు. అమ్మోనియా పరీక్ష గొట్టం పసుపు పచ్చగా ఉందట, అంటే సున్నా. నైట్రైటు గొట్టం ఇంకా ఊదా రంగులోనే ఉంది. చేపల్లేని తొట్టిలో మోటారు తిరుగుతోంది, నవాసాగరం పొట్లం వాళ్ల నాయనమ్మ చేతికి వచ్చింది. పక్కింటావిడ వచ్చి "ఏంటండీ, ఖాళీ తొట్టికి మేత వేస్తున్నారు?" అని అడిగిందిట.

"ఇంకా తోడుకోలేదమ్మా" అందిట నాయనమ్మ.