అరవై దాటాక పచ్చబొట్టు

తిరుపతి గంగమ్మ జాతరలో 'తోటి' అనే వేషం కట్టేవాళ్ళు ఒళ్ళంతా బొగ్గుపొడి పూసుకుంటారు. మొక్కు తీరాక ఒంటికి నీళ్ళు పోసుకుంటే అదంతా పోతుంది. అదే నలుపును ఒక మిల్లీమీటరు లోపలికి దింపితే మాత్రం కాటిదాకా వస్తుంది. పాతకాలంలో ఊరూరా తిరిగి పచ్చబొట్లు పొడిచేవాళ్ళు వాడింది దీపపు మసి, ఆకుపసరు. ఇప్పటి టాటూ షాపు నల్ల ఇంకులో ఉండేదీ ముఖ్యంగా కార్బనే.

మహిమంతా లోతుది. బాహ్యచర్మం మందం చాలాచోట్ల మిల్లీమీటరులో పదో వంతు. అది నెలకోసారి రాలిపోయి కొత్తది వస్తుంటుంది కాబట్టి అక్కడ పెట్టిన రంగు నిలవదు. సూది దాన్ని దాటి, కింద ఉన్న అంతశ్చర్మంలో ఇంకు వదులుతుంది. ఒంట్లోకి ఏదో చొరబడిందని మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలు వచ్చి రంగు రేణువులను మింగేస్తాయి. మింగుతాయేగానీ అరిగించుకోలేవు. ఫ్రాన్స్‌లోని మార్సెయ్ శాస్త్రవేత్తలు 2018లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో ఒక చిత్రమైన సంగతి బయటపడింది. రంగు మింగిన కణం చచ్చిపోతే, బయటపడ్డ రేణువులను దాని చోటికి వచ్చిన కొత్త కణం మళ్ళీ మింగుతుంది. అవ్వ చేతి మీద అరవై ఏళ్ళనాటి చుక్కలను తరతరాల కణాలు చేతులు మార్చుకుంటూ మోస్తున్నాయన్నమాట. ఆ నలుపు మనకు కాస్త నీలంగా, పచ్చగా కనబడడానికి కారణం పైనున్న చర్మం. వెలుగులోని నీలి భాగాన్ని అది వెనక్కి చెదరగొడుతుంది, ఎర్ర భాగం లోపలికి పోయి మసిలో కలిసిపోతుంది.

మా వీధిలో ఆర్టీసీ డ్రైవరుగా రిటైరైన పెద్దాయనకు కుడి ముంజేతి మీద నామం, శంఖుచక్రాలు వేయించుకోవాలని కోరిక. కొడుకు పడనివ్వడు. "ఈ వయసులో ఏంది నాయనా, తోలు ముడతలు పడి బొమ్మంతా వంకర పోతుంది" అంటాడు. నిజానికి ఆ మాట ఇరవై ఏళ్ళ కుర్రాడికి చెప్పాల్సింది. ఇంకు అంచులు చెదరడానికి కుర్రాడి ముందు యాభై ఏళ్ళున్నాయి. పెద్దాయన చర్మం సాగాల్సింది చాలావరకు ఇప్పటికే సాగింది.

తర్వాత బాధపడతారేమో అన్న భయం కూడా పెద్దవాళ్ళ విషయంలో తక్కువే. 18 నుంచి 68 ఏళ్ళ మధ్య ఉన్న 19,000 మందికి పైగా మనుషుల మీద చేసిన పరిశీలన ఒకటి 2013లో వచ్చింది. గడిచిన పదేళ్ళలో ఎంతో మారామని ఒప్పుకునేవాళ్ళు కూడా, రాబోయే పదేళ్ళలో ఇలాగే ఉంటామని అనుకున్నారట. ఈ భ్రమ అన్ని వయసుల్లోనూ ఉంది, అయితే నిజంగా వచ్చే మార్పు వయసుతో పాటు తగ్గుతూ పోయింది. అరవై రెండేళ్ళ భక్తి డెబ్బైలో మారిపోతుందని నాకైతే అనిపించదు. ఇరవైలో చేతిమీద రాయించుకున్న ప్రేయసి పేరుకు ఆ హామీ ఎవరిస్తారు?

పెద్దాయన ఆలోచించాల్సింది వేరే ఉంది. ఆయన ఎంచుకున్న చోటే నాకు నచ్చలేదు. వయసు పెరిగేకొద్దీ అంతశ్చర్మంలో బిగువునిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ ఏడాదికి దాదాపు ఒక శాతం చొప్పున తగ్గుతుంది. ఎండ తగిలే చోట ఈ నష్టం ఇంకా ఎక్కువ. అమెరికాలో 28 ఏళ్ళు లారీ తోలిన 69 ఏళ్ళ మనిషి ఫొటో ఒకటి 2012లో వైద్య పత్రికలో వచ్చింది. కిటికీ వైపున్న ఎడమ చెంప మడతలు పడి, కుడి చెంప కంటే ఎంతో ముసలిదైపోయింది. మన బస్సులో డ్రైవరుకు కిటికీ కుడివైపు ఉంటుంది. రాయలసీమ ఎండలో ముప్ఫై ఏళ్ళు కాగిన కుడి ముంజేయి అది! అలా పలచబడ్డ చర్మంలో సూది కొంచెం లోతుకు దిగినా ఇంకు కింది కొవ్వులోకి పోయి గీతలు అలుక్కుపోతాయి. చిన్న దెబ్బకే కమిలే చోటు కూడా అదే. ఎండ సోకని దండచెయ్యి లోపలివైపు అయితే మేలు. బొమ్మ కూడా కాస్త పెద్దదిగా, గీతల మధ్య జాగా వదిలి వేయించుకోవాలి. సన్నటి అక్షరాల్లో మనవరాళ్ళ పేర్లు రాయిస్తే కొన్నేళ్ళకు సున్నాలు పూడిపోతాయి.

భుజాల మీద వేయించుకుంటే సమాశ్రయణంలా ఉండదా అని అడిగాడు పెద్దాయన. సమాశ్రయణంలో శ్రీవైష్ణవులకు భుజాల మీద కాల్చి వేసే శంఖుచక్రాల ముద్రల్లో రంగు ఉండదు, కాలిన గాయం మానిన గుర్తు మాత్రమే.

ఇక షుగరు, గుండె. షుగరు అదుపులో లేకపోతే గాయం మానడం ఆలస్యమవుతుంది, చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. అలాంటివాళ్ళు పాదాలు, పిక్కల జోలికి పోకపోవడమే మంచిది. గుండెకు స్టెంట్ వేయించుకుని, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు మింగేవాళ్ళకు రక్తం ఎక్కువ కారి, ఇంకును బయటికి తోసేస్తుంది. అలాగని టాటూ కోసం సొంతంగా మాత్రలు ఆపడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ముందు డాక్టర్ని అడగాలి. పుట్టుమచ్చల మీద మాత్రం ఎవరూ, ఏ వయసులోనూ వేయించుకోకూడదు. మచ్చ క్యాన్సర్‌గా మారుతున్నా రంగు కింద కనబడదు. రంగు రేణువులు కొన్ని దగ్గరి లింఫు గ్రంథుల్లోకీ చేరతాయి. చేతి మీద టాటూ ఉన్న స్త్రీలు మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీసేచోట ఆ సంగతి చెప్పడం మంచిది, చంకలోని గ్రంథుల్లో చేరిన రంగు జబ్బులా కనబడిన సందర్భాలున్నాయి.

షాపులో సూది ప్యాకెట్ మీ కళ్ళముందే విప్పమనండి, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి సూదుల ద్వారా వచ్చేవే. ఇంకును కొళాయి నీళ్ళతో పలచన చేస్తుంటే లేచి వచ్చేయండి. నీళ్ళలోని సూక్ష్మజీవులతో నెలల తరబడి మానని పుండ్లు పడతాయి. నచ్చకపోతే లేజర్ ఉంది కదా అంటారు కొందరు. లేజర్ రేణువులను పొడి చేస్తుంది, ఆ పొడిని శరీరం మెల్లగా మోసుకుపోతుంది. దానికి చాలా సిట్టింగులు కావాలి. మన చామనఛాయ ఒంటికి రంగునిచ్చే మెలనిన్ కూడా ఆ వెలుగును పీల్చుకుంటుంది కాబట్టి తెల్లమచ్చలు, నల్లమచ్చలు మిగిలే అవకాశం ఉంది.

రక్తం ఇచ్చే అలవాటున్నవాళ్ళు ముందే ఇచ్చి రావాలి, టాటూ తర్వాత మన దేశంలో 12 నెలలు తీసుకోరు. పచ్చి గాయంతో కపిలతీర్థంలోగానీ పుష్కరిణిలోగానీ మునగకూడదు, మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు ఆగాలి, పెద్దవాళ్ళకు ఇంకొంచెం ఎక్కువే. అలిపిరి మెట్లు 3,550 చెమటలు కక్కుతూ ఎక్కే మొక్కు ఉంటే, అది తీర్చుకున్నాకే షాపుకు పోవడం మంచిదని పెద్దాయనకు చెప్పాను.