చీతా, చిరుత ఒకటి కాదు: అపోహలు - వాస్తవాలు

2022 సెప్టెంబరులో నమీబియా నుంచి ఎనిమిది చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి తెచ్చినప్పుడు మా మేనమామ ఫోన్ చేశారు. "ఏరా, తిరుమల నడకదారిలో చిరుతలు తిరుగుతూనే ఉన్నాయి కదా, అంత దూరం నుంచి విమానంలో తేవడం దేనికి?" అని అడిగారు. నేను దక్షిణాఫ్రికా, నమీబియాల్లో వన్యప్రాణుల డాక్టరుగా పనిచేస్తున్నాను. ఊరికి వెళ్లినప్పుడల్లా ఇలాంటి మాటలే వింటాను.

అపోహ: చీతా అంటే చిరుతే.

కాదు. చిరుత మచ్చలు పూరేకుల్లా గుంపుగా, మధ్యలో నల్లదనం లేకుండా ఉంటాయి. చీతావి సిరాలో వేలు ముంచి అద్దినట్టు నిండు నల్ల చుక్కలు. కంటి మూల నుంచి నోటి దాకా కన్నీటి చారలాంటి నల్లగీత కనిపిస్తే అది చీతానే. చిరుత ఎక్కువగా రాత్రిపూట వేటాడి, చంపిన జంతువును చెట్టు మీదికి లాక్కుపోతుంది. చీతా ఎక్కువగా పగటిపూట, బయలు నేలల్లో వేటాడుతుంది.

తమిళులు చీతాను సివింగి అంటారు. మన 'శివంగి' దానికి దగ్గరి మాటే. ఈ జంతువు మన దేశంలో అంతరించిందని 1952లో ప్రకటించారు. ఇప్పుడు శివంగి అనగానే మనకు గుర్తొచ్చేది ఆడసింహం. జంతువుతో పాటు దాని పేరూ చేజారడం నాకు బాధగా ఉంటుంది.

అపోహ: సింహం, పులి, చిరుతలే దీనికి దగ్గరి చుట్టాలు.

జన్యువులు చెప్పేది వేరు. ఇప్పుడు బతికున్నవాటిలో చీతాకు అన్నిటికన్నా దగ్గరివి అమెరికా ఖండాల్లోని ప్యూమా, జాగ్వరుండి అనే పిల్లి జాతి జంతువులు. సింహం, చిరుతల కొమ్మ వీటి కొమ్మ నుంచి విడిపోయి కోటి ఏళ్లు దాటింది. అందుకే చీతాకు గర్జన రాదు. హాయిగా ఉన్నప్పుడు ఇంటి పిల్లిలా గురగురలాడుతుంది. తల్లి పిల్లలను పిలిచే గొంతయితే అచ్చం పిట్ట కూతే. మొదటిసారి విన్నప్పుడు నేను పిట్ట కోసం చెట్ల వైపు చూశాను.

ఈ పుట్టుపూర్వోత్తరాల్లో నాకు ఎంతో ఇష్టమైన భాగం ఒకటుంది. ఉత్తర అమెరికాలో పూర్వం చీతాను పోలిన పిల్లి ఒకటి ఉండేది. పొడవాటి కాళ్లు, పొట్టి ముఖం చూసి, అది చీతాకు తోబుట్టువని ఎముకల నిపుణులు చాలాకాలం నమ్మారు. 2005లో దాని ఎముకల్లోని డీఎన్ఏను చదివితే అది ప్యూమాకు ఎక్కువ దగ్గరని తేలింది. అంటే, పరుగు కోసం మలిచిన ఇలాంటి శరీరం రెండు ఖండాల్లో విడివిడిగా తయారైంది. ఆఫ్రికాలోనేమో 30 లక్షల ఏళ్లకు పైబడిన చీతా జాతి శిలాజాలు దొరికాయి.

అపోహ: గంటకు 120 కిలోమీటర్ల వేగంతో కిలోమీటర్ల దూరం తరుముతుంది.

2013లో వెలువడిన ఒక అధ్యయనంలో, బోట్స్వానాలోని అడవి చీతాల మెడకు వేగం కొలిచే కాలర్లు కట్టి పరిశోధకులు కొలిచారు. వాటిలో అత్యధిక వేగం గంటకు 93 కిలోమీటర్లు. చాలా వేటల్లో అంత వేగం కూడా అవసరం పడలేదు. ఒక్కో పరుగు సగటున 170 మీటర్లు దాటింది, అంతే. దాని అసలు బలం ఒక్కసారిగా వేగం అందుకోవడంలో, అంతే చప్పున తగ్గి మలుపు తిరగడంలో ఉంది.

గోళ్లు లోపలికి ముడుచుకోవని కూడా అంటారు. ముడుచుకుంటాయి. కానీ వాటిని కప్పే చర్మపు ఒర లేదు కాబట్టి ఎప్పుడూ బయటికి కనిపిస్తాయి, పరుగు పోటీ బూట్ల స్పైక్‌లలా నేలను పట్టుకుంటాయి. ఊపిరి కోసం ముక్కు దారి వెడల్పయింది, దాంతో కోరపళ్ల వేళ్లకు చోటు తగ్గి కోరలు చిన్నవయ్యాయి.

అపోహ: పిరికిది, హైనా రాగానే తిండి వదిలేసి పోతుంది.

వదిలేసి పోవడం నిజమే, కానీ పిరికిదనడం తప్పు. చీతా బరువు సాధారణంగా 60 కిలోలు దాటదు. చిన్న కోరలు, సన్నని ఎముకలతో సింహంతోనో హైనాతోనో పోట్లాడి కాలు విరగ్గొట్టుకుంటే మళ్లీ పరుగెత్తలేదు, పరుగెత్తలేకపోతే ఆకలితో చస్తుంది. ఒక పూట తిండి పోతే మర్నాడు ఇంకో వేట దొరుకుతుంది.

అపోహ: ఒంటి మీద చారలున్న 'కింగ్ చీతా' వేరే జాతి.

మామూలు చీతాయే. ఒక జన్యువులో మార్పు వల్ల చుక్కలు కలిసి చారలయ్యాయి. కొన్ని ఇంటి పిల్లుల ఒంటి మీద సుడులకూ అదే జన్యువు కారణం.

అపోహ: అన్నిటికీ ఒకే రకం జన్యువులు కాబట్టి వాటంతట అవే అంతరిస్తాయి.

జన్యు వైవిధ్యం చాలా తక్కువే. 1980లలో చుట్టరికం లేని చీతాల మధ్య చర్మం మార్చి అతికిస్తే శరీరం దాన్ని పరాయిదిగా చూసి వెంటనే తిరస్కరించలేదు. అయినా నమీబియాలో అడవి చీతాలు చక్కగా పిల్లలను కంటున్నాయి, పెంచుతున్నాయి. వాటికి కరవైంది తిరగడానికి నేల. ఒకప్పుడు తిరిగిన ప్రాంతంలో పదో వంతు కూడా ఇప్పుడు మిగల్లేదు. ప్రపంచం మొత్తం మీద అడవుల్లో ఉన్నవి ఏడు వేలకు అటూ ఇటూ. నమీబియాలో ఎక్కువ చీతాలు రక్షిత అడవుల బయట, పశువుల రైతుల భూముల్లోనే బతుకుతున్నాయి. మేకను ఎత్తుకుపోతే రైతు తుపాకీ తీస్తాడు.

అక్కడ పనికొచ్చింది కుక్క. టర్కీ నుంచి వచ్చిన అనటోలియన్ జాతి కూనలను కొన్ని వారాల వయసులోనే మేకల మందలో వదులుతారు. అవి మందనే తమ ఇల్లనుకొని పెరుగుతాయి. పెద్దయ్యాక మందకూ చీతాకూ మధ్య నిలబడి గట్టిగా మొరుగుతాయి. చాలాసార్లు ఆ మొరుగుడే చాలు. దెబ్బలాట ఇష్టంలేని చీతా ఒకసారి చూసి, పక్కకు తిరిగి గడ్డిలోకి వెళ్లిపోతుంది.