వర్టికల్ మౌస్ కొంటే చెయ్యి నొప్పి పోతుందా? అపోహలు - వాస్తవాలు

హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు ఫిజియోథెరపీ చేసే ఎవరినైనా అడిగి చూడండి. చేతి నొప్పితో వచ్చే సాఫ్ట్‌వేర్ వాళ్లలో చాలామంది వర్టికల్ మౌస్, అంటే షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు చెయ్యి నిలువుగా ఉంచి పట్టుకునే మౌస్, ముందే కొనేసి వస్తారు. "వర్టికల్ మౌస్ కూడా వాడుతున్నా డాక్టర్ గారూ, అయినా తగ్గలేదు" అన్నది మాకు బాగా అలవాటైన మాట. మౌస్ మంచిదే. దాని మీద పెట్టుకున్న ఆశలే దాని స్థోమతకు మించినవి.

అపోహ: వర్టికల్ మౌస్ వాడితే కార్పల్ టన్నెల్ తగ్గిపోతుంది

ముందు ఈ మౌస్ ఏం చేస్తుందో చూద్దాం. ముంజేతిలో రేడియస్, అల్నా అని రెండు ఎముకలుంటాయి. షేక్‌హ్యాండ్ ఇచ్చేటప్పుడు అవి ఇంచుమించు పక్కపక్కనే ఉంటాయి. అరచెయ్యి కిందికి తిప్పి టేబుల్ మీద పెట్టగానే రేడియస్ వెళ్లి అల్నా మీదుగా అడ్డం పడుతుంది. మామూలు మౌస్ పట్టుకున్నంతసేపూ ముంజెయ్యి ఆ మెలికలోనే ఉంటుంది. వర్టికల్ మౌస్ ఆ మెలికను తగ్గిస్తుంది. మణికట్టు చిటికెనవేలి వైపు వంగడాన్ని కూడా కొంత తగ్గిస్తుంది. దాని పని అంతవరకే.

కార్పల్ టన్నెల్ వేరే సంగతి. మణికట్టు దగ్గరున్న సన్నటి దారిలో మీడియన్ నరం నొక్కుకుపోవడం అది. 2015లో అప్లైడ్ ఎర్గనామిక్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, ఈ సమస్య ఉన్న 21 మందికి ఆ దారిలోని ఒత్తిడిని నేరుగా కొలిచి చూశారు. వర్టికల్ మౌస్‌తో మణికట్టు భంగిమ మారింది కానీ లోపలి ఒత్తిడి తగ్గలేదు.

కాబట్టి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతూ, రాత్రి నిద్రలోంచి లేచి చెయ్యి విదిలించుకోవాల్సి వస్తుంటే ఆన్‌లైన్‌లో మౌస్‌లు వెతుకుతూ కూర్చోకండి. డాక్టర్‌కి చూపించుకుని, అవసరమైతే నరాల పరీక్ష చేయించుకోండి. షుగర్, థైరాయిడ్ కూడా చూపించుకోండి, ఈ రెండింటితోనూ కార్పల్ టన్నెల్ వచ్చే అవకాశం పెరుగుతుంది. గర్భిణుల్లోనూ ఇది మామూలే. తొలిదశలో సాధారణంగా చెప్పేది రాత్రిపూట మణికట్టును తిన్నగా ఉంచే స్ప్లింట్. తిమ్మిరి చిటికెనవేలికైతే అది అసలు ఈ నరమే కాదు, అల్నార్ నరం. మోచేతిని టేబుల్ అంచుకో, కుర్చీ చేతికో గట్టిగా ఆనించి కూర్చునేవాళ్లు దాని గురించి ఆలోచించాలి.

మరి ఈ మౌస్ ఎవరికి పనికొస్తుంది? సాయంత్రానికి ముంజెయ్యి పైభాగం బరువెక్కి, మోచేతి బయటివైపు లాగుతుందే, వాళ్లకి. మణికట్టును పైకెత్తి పట్టుకునే కండరాలకు దీనితో కొంత విశ్రాంతి దొరుకుతుంది. నేను ధైర్యంగా కొనమని చెప్పేది వీళ్లకే.

అపోహ: ఎంత నిటారుగా ఉంటే అంత మేలు

లాజిటెక్ వాళ్ల ఎంఎక్స్ వర్టికల్, లిఫ్ట్ రెండూ 57 డిగ్రీల వాలుతో ఉంటాయి. 90 డిగ్రీలకు దగ్గరగా నిలబడే మోడళ్లూ ఉన్నాయి. నిటారుగా పోయేకొద్దీ ఇంకో చిక్కు మొదలవుతుంది. మామూలు మౌస్‌లో క్లిక్ నొక్కితే ఆ బలం టేబుల్ మీదకి పోతుంది. ఇందులో పక్కకి పోతుంది. మౌస్ జరగకుండా అవతలి నుంచి బొటనవేలు ఎదురు నొక్కుతూ ఉండాలి, రోజంతా. అడుగుభాగం వెడల్పుగా ఉందా, బటన్ తేలిగ్గా పడుతోందా అని చూడమనేది అందుకే. చవక మోడళ్లలో నేను మొదట చూసేది కూడా ఈ బటనే. అది బిగుసుగా ఉంటే మిగతావి ఎన్ని బాగున్నా వద్దంటాను.

అపోహ: పేరున్న కంపెనీదైతే ఎవరికైనా సరిపోతుంది

చెప్పుల షాపులో సైజు అడగకుండా కొనం కదా. మణికట్టు దగ్గరి గీత నుంచి మధ్యవేలి కొస దాకా స్కేలు పెట్టి కొలవండి. సుమారు 19 సెంటీమీటర్లు దాటితే పెద్ద మౌస్, లోపలైతే చిన్నదో మధ్యరకమో చూసుకోవాలి. లిఫ్ట్ మోడల్‌ను చిన్న, మధ్యరకం చేతుల కోసమే చేశారు, అందులో ఎడమచేతి వాళ్లకూ ఒకటి ఉంది. ఆఫీసులో అందరికీ ఒకే పెద్ద మోడల్ తెప్పించి పంచేస్తుంటారు. చెయ్యి చిన్నదైన అమ్మాయిలు దాన్ని వేళ్లు సాగదీసి పట్టుకోవాల్సి వస్తుంది, నొప్పి తగ్గకపోగా కొత్తది వస్తుంది. పెద్ద చేతికి చిన్న మౌస్ అయితే చిటికెనవేలు రోజంతా టేబుల్‌కి రాసుకుంటుంది. వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరికేవాటిలోనూ చేతికి సరిగ్గా అమిరేవి ఉంటాయి. రిటర్న్ సదుపాయం ఉన్నచోట కొనుక్కోండి, అది బ్రాండ్ కన్నా ముఖ్యం.

అపోహ: మౌస్ మారిస్తే చాలు, టేబుల్, కుర్చీ ఎలా ఉన్నా ఫర్వాలేదు

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. వర్క్‌స్టేషన్ చూడటానికి వెళ్లినప్పుడు నేను ముందు మౌస్‌ని చూడను, మోచెయ్యి ఎక్కడుందో చూస్తాను. మోచెయ్యి పక్కటెముకలకు దగ్గరగా, సుమారు 90 డిగ్రీలు వంగి ఉండాలి. చాలామందికి అది ఒంటికి దూరంగా, కుడిపక్కకు చాచి ఉంటుంది. కారణం కీబోర్డు. ఫుల్‌సైజు కీబోర్డుకు కుడివైపు ఉండే అంకెల గడి మౌస్‌ని ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు అవతలికి నెట్టేస్తుంది. భుజాన్ని పక్కకి చాచిపెట్టే పని చెయ్యాల్సి వస్తుంది, సాయంత్రానికి మెడ పక్కన గట్టిపడుతుంది. ఆ స్థానంలో ఎంత ఖరీదైన వర్టికల్ మౌస్ పెట్టినా భుజం నొప్పి అలాగే ఉంటుంది. అకౌంట్స్ వాళ్లను వదిలేస్తే, ఆ అంకెల గడి నిజంగా వాడేవాళ్లు ఎంతమంది? అది లేని చిన్న కీబోర్డు కొనండి. లేదా డబ్బు ఖర్చు లేకుండా, మామూలు మౌస్‌నే వారంలో కొన్ని రోజులు ఎడమచేత్తో వాడి చూడండి.

ఎత్తు సంగతి కూడా. మన టేబుళ్లు ఎక్కువగా 30 అంగుళాల ఎత్తు. అయిదడుగుల మనిషి మోచెయ్యి ఆ ఎత్తుకు అందదు, భుజాలు పైకెత్తి పని చేస్తారు. కుర్చీ పైకి లేపి, కాళ్ల కింద పీటో, పాత పుస్తకాల కట్టో పెట్టుకోవాలి. ఇంటి నుంచి పని అంటూ మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పక్కన దిండు మీద వర్టికల్ మౌస్ జరిపేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి మౌస్ గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

అపోహ: కొత్తలో నొప్పి మామూలే, ఓర్చుకోవాలి

నెమ్మదించడం మామూలు, నొప్పి మామూలు కాదు. మొదటి కొన్ని రోజులు పాయింటర్ గురి తప్పుతుంది, కీబోర్డు మీంచి చెయ్యి తెస్తుంటే ఎత్తుగా ఉన్న మౌస్ తగిలి పడిపోతుంది. ఇవి సర్దుకుంటాయి. కానీ కొత్త చోట నొప్పి పుడితే సైజో, వాడే తీరో తప్పు. మణికట్టును టేబుల్‌కి అతికించి, అక్కడి నుంచే ఇటూ అటూ ఊపడం పాత అలవాటు. వర్టికల్ మౌస్‌ను మోచేతి నుంచి జరపాలి. ముంజెయ్యి టేబుల్ మీద తేలిగ్గా ఆని ఉండాలి. పాయింటర్ వేగం కాస్త పెంచితే కదలిక తగ్గుతుంది, మరీ పెంచితే గురి కోసం వేళ్లు బిగుసుకుంటాయి.

అపోహ: జెల్ ప్యాడ్ లేకపోతే ప్రయోజనం లేదు

అవసరం లేదు. మణికట్టును దాని మీద నొక్కిపెట్టి మౌస్ కదిపితే మనం తప్పించాలనుకున్న చోటే ఒత్తిడి పెడుతున్నట్టు.

అపోహ: బొటనవేలి నొప్పికీ ఇదే మందు

ఇది చాలామందికి తెలియదు. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన పోటు పొడిస్తే అది డి క్వెర్వేన్ సమస్య (బొటనవేలిని కదిపే స్నాయువుల చుట్టూ ఉండే పొర మందమై ఇబ్బంది పెట్టడం) కావచ్చు. బొటనవేలిని గుప్పిట్లో పెట్టుకుని మణికట్టును మెల్లగా చిటికెనవేలి వైపు వంచితే ప్రాణం పోయేంత నొప్పి వస్తుంది. పసిపిల్లల్ని పదేపదే ఎత్తుకునే తల్లుల్లో ఇది తరచుగా చూస్తాం. గంటల తరబడి ఫోన్‌లో ఒక్క బొటనవేలితోనే టైప్ చేసేవాళ్లకూ నొప్పి పెరుగుతుంది. వీళ్లకి వర్టికల్ మౌస్ ఒక్కోసారి ఇంకా చేటు, బొటనవేలి మీదే బరువు పెడుతుంది కాబట్టి. పక్కన ఉండే బ్యాక్, ఫార్వర్డ్ బటన్లు కనీసం కొన్నాళ్లు ముట్టుకోకండి.

అపోహ: అన్ని పనులకూ ఇదొక్కటే వాడాలి

అలాంటి నియమం ఏదీ లేదు. 2003లో స్వీడన్ పరిశోధకులు రెండు రకాల పట్టులనూ పోల్చి చూసినప్పుడు, షేక్‌హ్యాండ్ భంగిమలో కండరాల శ్రమ తగ్గింది, పని వేగమూ తగ్గింది. క్యాడ్ డ్రాయింగులు వేసేవాళ్లు, ఫొటోలు దిద్దేవాళ్లు ఆ తేడాను వెంటనే పసిగడతారు. వాళ్లకి నేను చెప్పేది రెండు మౌస్‌లూ ఒకేసారి కంప్యూటర్‌కి తగిలించుకోమని. మెయిళ్లు, ఎక్సెల్, మీటింగులకు వర్టికల్ మౌస్, సన్నపనికి పాతది. నొప్పే లేనివాళ్లు ఏదీ మార్చక్కర్లేదు.