పద్దెనిమిది నిండాక కాలేజీ ఫీజు ఎవరిది?

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలయ్యేసరికి, విడిపోయిన దంపతుల మధ్య సద్దుమణిగిందనుకున్న తగువు మళ్లీ లేస్తుంది. బిడ్డకు కావలిలోనో ఒంగోల్లోనో ఇంజనీరింగ్ సీటు వస్తుంది. ఫీజు, హాస్టల్, ల్యాప్‌టాప్ అన్నీ లెక్కేసి తల్లి ఫోన్ చేస్తే అవతలి నుంచి చాలాసార్లు వచ్చే జవాబు: "కోర్టు పద్దెనిమిదేళ్ల దాకా ఇయ్యమంది. నిండినాయి గదా." విన్నవాళ్లకు మొండితనంలా ఉంటుంది గానీ, ఆ మాటకు చట్టం అండ కొంత ఉంది. ఆ అండ ఎట్లా వచ్చిందో చూడాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

మేజర్ కావడానికి పద్దెనిమిదేళ్లు అన్న లెక్క 1875 నాటి చట్టానిది. అయితే మనోవర్తికి ఆ లెక్కను మొదట్లో ముడిపెట్టలేదు. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 488వ సెక్షన్ "తనను తాను పోషించుకోలేని బిడ్డ" అని మాత్రమే అంది, వయసు ఎత్తలేదు. దాని ఉద్దేశం కూడా చిన్నదే. భార్యాబిడ్డలు తిండికి లేక రోడ్డున పడకుండా మేజిస్ట్రేటు త్వరగా ఒక ఆర్డరు వేయాలి, అంతే. నెలకు 50 రూపాయలకు మించి ఇప్పించడానికి వీల్లేదు. 1955లో ఆ పరిమితి 500 అయింది. 1973 కోడ్ వచ్చి 488ని 125వ సెక్షన్‌గా మార్చినప్పుడు 500 అట్లాగే ఉంది, "మైనర్" అన్న మాట మాత్రం కొత్తగా చేరింది. మేజరైన బిడ్డకు మనోవర్తి కావాలంటే శారీరక లేదా మానసిక వైకల్యం వల్ల సంపాదించుకోలేని స్థితి ఉండాలి. కాలేజీలో చదువుతుండటం ఆ లెక్కలోకి రాదు. 500 పరిమితిని ఎత్తేయడానికి 2001 దాకా పట్టింది. 46 ఏళ్లలో బియ్యం ధర ఎంత పెరిగిందో పార్లమెంటుకు తెలియక కాదు, అడిగేవాళ్లు గట్టిగా అడగగలిగినవాళ్లు కారు.

ఇది క్రిమినల్ కోడ్ దారి. హిందువులకు ఇంకో దారి 1956లో వచ్చింది. హిందూ దత్తత, మనోవర్తి చట్టం మనోవర్తి అంటే ఏమిటో చెబుతూ తిండి, బట్ట, నీడ, వైద్యంతో పాటు చదువునూ చేర్చింది. బిడ్డల్ని పోషించే బాధ్యత తండ్రితో పాటు తల్లి మీదా పెట్టింది. కానీ కొడుకుకు మైనర్‌గా ఉన్నంతవరకే. పెళ్లికాని కూతురికి మాత్రం, తన సంపాదనతోనో ఆస్తితోనో బతకలేని స్థితి ఉన్నంతకాలం హక్కు ఉంటుంది. అంటే ఒకే ఇంట్లో బీటెక్ రెండో ఏడాది చదువుతున్న అక్క తండ్రిని అడగొచ్చు, మొదటి ఏడాదిలో ఉన్న పద్దెనిమిది దాటిన తమ్ముడు అడగలేడు. ఆ చట్టం రాసినవాళ్ల మనసులో కూతురి కాలేజీ కన్నా కూతురి పెళ్లే ఎక్కువగా ఉందని నా అనుమానం. పెళ్లికాని కూతురి మనోవర్తిలో పెళ్లి ఖర్చుల్ని కూడా అదే చట్టం విడిగా చేర్చింది. ఏ ఉద్దేశంతో పెట్టినా ఈ రోజు అది ఆడపిల్లల చదువుకు అక్కరకొస్తోంది. అయితే ఆ హక్కు కోసం మేజిస్ట్రేటు దగ్గరికి కాదు, సివిల్ లేదా ఫ్యామిలీ కోర్టుకు వెళ్లాలని 2020లో అభిలాష కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ముస్లిం పిల్లలకు 125వ సెక్షన్ వర్తిస్తుందని, కూతుళ్లకైతే పెళ్లయ్యేదాకా తండ్రే చూడాలని 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో చెప్పింది.

కొడుకుల విషయంలో చట్టం కదల్లేదు, న్యాయమూర్తులు కొంత కదిలారు. 2021లో ఒక కర్ణాటక కేసులో, ఈ రోజుల్లో డిగ్రీ అయితేనే కనీస చదువు అయినట్టని చెప్పి, కొడుకు మొదటి డిగ్రీ పూర్తయ్యేదాకా డబ్బు ఇవ్వమని సుప్రీంకోర్టు తండ్రిని ఆదేశించింది. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు, పద్దెనిమిది నిండిన కొడుకు ఖర్చంతా తల్లి నెత్తిన పడేయకూడదని అంది. 2020 నాటి రజ్‌నేష్ కేసులోనైతే భార్యాభర్తలిద్దరూ ఆదాయం, ఆస్తుల అఫిడవిట్లు వేయాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు ప్రకారం పిల్లల చదువు ఖర్చు మామూలుగా తండ్రిదే, తల్లికి తగిన సంపాదన ఉంటే ఇద్దరూ దామాషాలో పంచుకోవచ్చు. ఇవి ఏవీ కోడ్‌లో ఉన్న "మైనర్" అన్న మాటను చెరపలేదు. 1973 కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 125 కాస్తా 144 అయింది. నంబరు మారింది, మేజరైన బిడ్డకు వైకల్యం ఉండాలన్న గీత మాత్రం అక్కడే ఉంది.

మన పిల్లలు ఇంటర్ పూర్తిచేసేది పదిహేడు, పద్దెనిమిదేళ్ల మధ్య. అందుకని మొదటి ఏడాది ఫీజు సమయానికి కొందరు ఇంకా మైనర్లే, వాళ్లకు ఆ ఏడాది ఎట్లాగో గడుస్తుంది. వాళ్ల విషయంలో గొడవ రెండో ఏడాది ఫీజు దగ్గర వస్తుంది. చదువు మధ్యలో ఆగితే నష్టం కూడా అప్పుడే ఎక్కువ.

ఆంధ్రాలో దీనికి ఇంకో ముడి ఉంది. 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ పేద ఇళ్లకు పెద్ద ఊరట. పొదిలి, కనిగిరి లాంటి మెట్ట ప్రాంతాల నుంచి ఇంజనీరింగ్‌కి వచ్చిన పిల్లలు ఎందరో దాని మీదే చదివారు. కానీ ఆ పథకం చూసేది కుటుంబాన్ని. 2024కి ముందు అది విద్యా దీవెన పేరుతో నడిచినప్పటి నిబంధనల్లో ఏడాదికి రెండున్నర లక్షల ఆదాయ పరిమితితో పాటు ప్రభుత్వ ఉద్యోగం, సొంత కారు, ఆదాయపు పన్ను కూడా లెక్కలోకి వచ్చేవి. పదేళ్లుగా విడిగా ఉంటున్నా రేషన్ కార్డులోనో సచివాలయంలో నమోదైన కుటుంబ వివరాల్లోనో తండ్రి పేరు అదే ఇంట్లో ఉండిపోతే, ఆయన జీతం బిడ్డ ఖాతాలోకి రాదు, బిడ్డ అర్హతను మాత్రం తినేస్తుంది. దీన్ని మించిన అన్యాయం నాకు ఈ మొత్తం వ్యవహారంలో కనపడలేదు. 2021 నుంచి కొన్నేళ్లు ఫీజు డబ్బును మూడు నెలలకోసారి తల్లుల ఖాతాలో వేశారు. విడిగా బతుకుతున్న తల్లికి అది చేతిలో ఒక బలం. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ నేరుగా కాలేజీలకే కడతామన్నారు. ఇంతకీ మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఏదీ రాదు.

సగం చిక్కులు విడిపోయే రోజే మొదలవుతాయి. పరస్పర అంగీకారంతో విడాకుల దారి 1976లో హిందూ వివాహ చట్టంలోకి వచ్చింది. అది రాకముందూ, వచ్చాకా పెద్దమనుషుల ముందు స్టాంపు కాగితం మీద తెంచుకున్నవాళ్లు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు. ఎక్కడ రాసినా బిడ్డకు అప్పుడు మూడేళ్లో నాలుగేళ్లో. "బిడ్డ పేరుతో ఇంత డిపాజిట్, ఇక ఏ బాకీ లేదు" అని ఒక వాక్యంతో ముగిస్తారు. పదిహేనేళ్ల తర్వాత కాలేజీ ఫీజు ఎంతుంటుందో ఆ రోజు ఎవరూ అడగరు, ఇద్దరికీ ఆ గది నుంచి బయటపడితే చాలు. తల్లి తనకేమీ వద్దని సంతకం పెట్టినా బిడ్డ హక్కు పోదని కోర్టులు చెప్తూ వచ్చాయి. ఆ హక్కుకూ వయసు గీత ఉందన్నదే సమస్య. అందుకే ఇప్పుడు జాగ్రత్తపడే వకీళ్లు "మేజరయ్యే వరకు" అనకుండా "మొదటి డిగ్రీ పూర్తయ్యే వరకు" అని రాస్తారు. ట్యూషన్ ఫీజు, హాస్టల్ ఎవరెంత అన్నది విడివిడిగా పెడతారు. అదే మాట కోర్టు డిక్రీలో చేరితే, తర్వాత అమలు చేయించుకోవడానికి ఆధారం ఉంటుంది.

ఇప్పటికే పాత కాగితం మీద సంతకం పెట్టేసినవాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగొచ్చు. 1987 చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలు దొరుకుతారు. తల్లి తన పేరుతో వెళ్లొచ్చు, కూతురు ఏ వయసులోనైనా వెళ్లొచ్చు. పద్దెనిమిది దాటిన కొడుకు మాత్రం ఎస్సీ, ఎస్టీ లాంటి వర్గాల్లో ఉండాలి, లేదా ఆదాయ పరిమితి లోపు ఉన్నట్టు చూపించుకోవాలి.