చలికాలం రాకముందే

ప్రియమైన సండేస్కూలు పిల్లలకు,

ప్రభువు నామంలో మీ తాతయ్య వందనాలు.

క్రిస్మస్ కేరల్స్‌కి ఎవరెవరి ఇళ్ళకు వెళ్ళాలో రాసుకుంటున్నారని మీ టీచరమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఆ జాబితా ముగించేలోపు బైబిల్లో ఒక మనిషిని మీకు పరిచయం చెయ్యాలి. ఆయన పేరు ఒనేసిఫోరు. దావీదు, దానియేలు కథలు గడగడా చెప్పే మీలో చాలామంది ఈ పేరు విని ఉండరు.

పౌలు రోమాలో సంకెళ్ళతో ఉన్నప్పుడు తన శిష్యుడు తిమోతికి రాసిన రెండో పత్రిక తీసి చదవండి. తనతో కలిసి పనిచేసిన దేమా తనను విడిచి వెళ్ళిపోయాడనీ, లూకా ఒక్కడే తన దగ్గర ఉన్నాడనీ రాశాడు. త్రోయలో కర్పు దగ్గర ఉంచి వచ్చిన అంగీనీ, పుస్తకాలనూ తెచ్చిపెట్టమన్నాడు. చలికాలం రాకముందే నువ్వు రావాలయ్యా అని బతిమాలినట్టు అడిగాడు. అన్ని సంఘాలు కట్టిన అపొస్తలుడికి కూడా మనిషి తోడు కావాల్సి వచ్చింది.

అలాంటి రోజుల్లో వచ్చినవాడు ఒనేసిఫోరు. పౌలు ఎక్కడున్నాడో ఆయనకు తెలియదు. అంత పెద్ద రోమాలో శ్రద్ధగా వెదికి పట్టుకున్నాడు. ఖైదీతో స్నేహమంటే తనకూ ముప్పే, అయినా ఆ సంకెళ్ళను చూసి సిగ్గుపడలేదు. ఒక్కసారి చూసి వెళ్ళిపోలేదు, అనేకసార్లు ఆదరించాడని పౌలే రాశాడు. నాకు ఈ 'అనేకసార్లు' అన్న మాట చాలా ఇష్టం. డిసెంబరులో కేకు ఇచ్చి, ఫొటో దిగి, మళ్ళీ డిసెంబరు దాకా ఆ గడప తొక్కకపోతే అది ఆదరణ ఎలా అవుతుంది?

మీ క్లాసులో ఎవరూ పక్కన కూర్చోని పిల్ల ఉంటుంది. మీరు కూర్చుంటే మిమ్మల్నీ నవ్వుతారు. కూర్చోండి. ఒడిశా నుంచి ఇటుక బట్టీల పనికి వచ్చినవాళ్ళ పిల్లలకు మన మాట రాదు, ఆటకు మాట అక్కర్లేదు, పిలవండి. ఈ ఏడు చావు జరిగిన ఇల్లు ఉంటుంది చూశారా, "మాకు ఈసారి పండగ లేదమ్మా" అంటారు, అందరూ ఆ గుమ్మం దాటి వెళ్ళిపోతారు. అందరికంటే ముందు వెళ్ళాల్సింది ఆ ఇంటికే. డోలకు, గిటారు వద్దు. అమ్మనో నాన్ననో తోడు తీసుకుని ఇద్దరు ముగ్గురు వెళ్ళి కాసేపు కూర్చోండి. పోయినవాళ్ళ పేరు ఎత్తడానికి భయపడకండి. ఆ పేరు ఎవరి నోటైనా వినాలని వాళ్ళకూ ఉంటుంది.

వెళ్ళి ఏం మాట్లాడాలి అంటారేమో. సమరయ స్త్రీ మధ్యాహ్నం వేళ ఒక్కతే బావి దగ్గరికి వచ్చినప్పుడు యేసుప్రభువు మొదట అన్న మాట, తాగడానికి నీళ్ళిమ్మని. ఇచ్చేవాడై ఉండి ఆమెను అడిగాడు. మీరూ అడగండి. పిల్లలు అమెరికాలో ఉండి ఒంటరిగా ఉన్న మామ్మగారికి పండ్లు పట్టుకెళ్తే "ఎందుకమ్మా ఇవన్నీ" అంటారు. అదే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం పట్టుకెళ్ళి "మామ్మగారూ, ఈ పాట రాగం నేర్పించరా" అనండి, ముఖం ఎలా వెలుగుతుందో మీరే చూస్తారు.

లండన్‌లో చాడ్ వారా అనే పాదిరిగారు 1953లో, బతుకు మీద ఆశ పోయినవాళ్ళు తనకు ఫోన్ చెయ్యొచ్చని ప్రకటించారు. జనం చర్చికే రావడం మొదలుపెట్టారు. వాళ్ళు ఎదురుచూసే గదిలో టీ ఇచ్చి కబుర్లు వినడానికి కొందరు మామూలు విశ్వాసులు కూర్చునేవారు. అలా మాట్లాడాక చాలామందికి ఇక పాదిరిగారిని కలవాల్సిన అవసరమే కనబడలేదట. సమరిటన్స్ అనే సేవ అలా పెరిగింది. కాబట్టి ప్రసంగం చెయ్యాలని, వెంటనే ప్రార్థన అందుకోవాలని తొందరపడకండి. ముందు వినండి, వాళ్ళు అడిగితే ప్రార్థన చెయ్యండి.

ఒక్క జాగ్రత్త. ఎవరైనా బతకాలని లేదని అంటే, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నా సరే, ఆ రోజే పెద్దవాళ్ళకు చెప్పండి. ఆ బరువు మీ ఒక్కరిదీ కాదు.

ఇంకొక మాట, ఇది మీలో ఎవరో ఒకరి కోసం. నాకే ఎవరూ లేరు అనిపించే పిల్లలు కూడా ఈ ఉత్తరం చదువుతూ ఉంటారు. తనను పట్టుకుపోయిన రాత్రి గెత్సేమనే తోటలో మన ప్రభువే, నాతో కూడ మెలకువగా ఉండండని శిష్యులను అడిగాడు. పౌలు రమ్మని ఉత్తరం రాశాడు. అడగడం విశ్వాసం తక్కువై కాదు నాయనా. రమ్మని నాకు కబురు పెట్టు. సాయంత్రం ఆరు దాటితే ఇంట్లోనే ఉంటాను, ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి అరుగు మీద ఉంటాను.

ప్రేమతో,
మీ తాతయ్య