మూల మిగిలిందా, చూడండి

చిన్నా, బుజ్జీ,

మొన్న వీడియో కాల్‌లో షెడ్డు చూపిస్తే, "తాతయ్యా, పాత మాస్సీ 35 ట్రాక్టర్ ఇంజన్ ఎందుకు విప్పేశావ్?" అని అడిగారు. అది ఫోన్‌లో తెగే కథ కాదు, అందుకే రాస్తున్నా.

అది పెర్కిన్స్ మూడు సిలిండర్ల డీజిల్ ఇంజన్, రెండున్నర లీటర్లది. పిస్టన్లు పైకీ కిందకీ ఆడతాయి, చక్రమేమో గుండ్రంగా తిరగాలి. నానమ్మ కుట్టుమిషన్ తొక్కితే పక్కన చక్రం తిరుగుతుందే, అలా తిప్పేదే క్రాంక్‌షాఫ్ట్. దాని నాలుగు మెయిన్ జర్నల్స్, అంటే అది ఆనుకుని తిరిగే గుండ్రటి భాగాలు, ఇంజన్ బ్లాకులో కూర్చుంటాయి. మూడు పిన్నులను పిస్టన్ల నుంచి వచ్చే కనెక్టింగ్ రాడ్లు పట్టుకుంటాయి. మధ్యలో బేరింగ్ షెల్స్, అంటే అరచంద్రాకారపు పల్చటి లోహపు రేకులు, సన్నటి ఆయిల్ పొర. ఆ పొర చెదిరితే అరుగుడు మొదలైనట్టే.

మొన్నటి దమ్ములో ఇంజన్ వేడెక్కాక ఆయిల్ ప్రెజర్ పడిపోయింది. లోడు పడితే అడుగు నుంచి డబ్ డబ్‌మని బరువైన చప్పుడు. విప్పి చూస్తే షెల్స్ మీద బూడిదరంగు పోయి రాగిరంగు తేలింది.

ముందుగా ఒక పిన్ను మీద గోటితో అడ్డంగా గీసి చూశాను. గోరు గీతలో చిక్కుకుంటే గ్రైండింగ్, అంటే రాతిచక్రంతో అరగదీయడం, తప్పదు. చిక్కకపోయినా మందం కొలిచే మైక్రోమీటర్ పెట్టాల్సిందే. ఒక్కచోటే కొలిస్తే మోసపోతాం. నిలువుగా, అడ్డంగా, మళ్లీ ఆ చివరా ఈ చివరా కొలవాలి, ఎందుకంటే పిన్ను చుట్టూ సమానంగా అరగదు, కోడిగుడ్డు వాటంలోకి వస్తుంది. మా లెక్కంతా థౌలలోనే, అంటే అంగుళంలో వెయ్యోవంతు. రెండుంపావు అంగుళాల పిన్నుకీ షెల్‌కీ మధ్య ఉండాల్సిన ఖాళీ సుమారు మీ తలవెంట్రుకంత!

తర్వాత పగులు చూడాలి. కిరసనాయిల్ పూసి, కాసేపాగి, పొడిగా తుడిచి, సుద్దపొడి అద్ది, సుత్తితో మెల్లగా తట్టాలి. పగులుంటే పొడి మీద తడిగీత లేస్తుంది. ఇప్పుడు కిరసనాయిల్ ఎక్కడిది, డీజిల్‌తోనే కానిచ్చాను.

గ్రైండింగ్‌లో 10, 20, 30 థౌల చొప్పున తగ్గిస్తారు, దానికి తగ్గట్టు మందం పెరిగిన షెల్స్ వేస్తారు. షెల్స్ చేతికొచ్చాకే క్రాంక్‌ని గ్రైండింగ్‌కి ఇవ్వండి, లేకపోతే తగ్గించిన సైజుకి షెల్ దొరక్క తిరుగుతారు.

అసలు సంగతి మూలలో ఉంది. పిన్ను పక్కగోడను కలిసేచోట గుండ్రటి ఒంపు ఉంటుంది. చాలా ఏళ్ల కింద ఒక షాపువాళ్లు క్రాంక్‌ని అద్దంలా మెరిపించి ఇచ్చారు. మురిసిపోయి, ఆ మూల చూడలేదు. గ్రైండింగ్ రాయి ఆ ఒంపుని కోసేసి మూలని పదునుగా వదిలేసింది. రెండో సీజన్లో మడి మధ్యలో క్రాంక్ ఫట్‌మని రెండు ముక్కలైంది. విరిగిన ముఖం సగం నున్నగా, ఇసుకలో అలల గుర్తుల్లా ఉంది. అంటే పగులు ఎన్నాళ్లనుంచో పాకుతోంది. మిగతా సగం గరుకు, అది ఆరోజు తెగినది. గుడ్డకి కత్తెర గాటు పెడితే అక్కడినుంచే చిరుగుతుంది కదా, ఇదీ అంతే.

ఈసారి షాపులో నిలబడి మూలమూలా వేలితో తడిమాకే డబ్బులిచ్చాను. ఆయిల్ రంధ్రాల్లో మిగిలే రాతిపొడి కొత్త షెల్స్‌ని రెండురోజుల్లో తినేస్తుంది, అందుకే తీగకి గుడ్డ చుట్టి లోపలంతా తోమాను.

సంక్రాంతి సెలవులకు వస్తే మీ చేతులతోనే బిగిద్దాం. షెల్‌ని పట్టి ఉంచే ఒక్కో క్యాప్ బిగించాక క్రాంక్‌ని చేత్తో తిప్పి చూడాలి, బరువెక్కితే అక్కడే ఆగాలి. మైక్రోమీటర్ బుజ్జికి, గ్రీజు చేతులు చిన్నాకి. పాత బట్టలు తెచ్చుకోండి, లేకపోతే మీ అమ్మ నన్ను తిడుతుంది.

ఇట్లు,
తాతయ్య